మిగతా గడ్డం వార్తలయ్యాకే

ఆ సెలూన్‌లో ఒక చట్టం ఉండేది. మెడకు తెల్లగుడ్డ కట్టించుకుని కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఎవరూ ఎగతాళి చేయకూడదు. గోడవార బల్ల మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఒకర్నొకరు ఎంతైనా ఏకొచ్చు, ఎదుట లేనివాళ్ళ పరువు తీరిగ్గా తీయొచ్చు. కుర్చీలో ఉన్నవాడి జోలికి మాత్రం పోకూడదు. గొంతు మీద బ్లేడున్నవాడు నవ్వినా, ఉలిక్కిపడినా తెగేది చర్మమే కదా. ఎవరో వేసిన జోకుకి పకపకా నవ్వి, ఒక కరెంటు మేస్త్రి చెవి తమ్మె తెగ్గోసుకున్నాడు. అప్పటి నుంచీ ఆ చట్టం.

చట్టం పెట్టినవాణ్ణి అందరూ కత్తి అనేవారు. చేతిలో ఉన్న కత్తిని చూసి కాదు, నోట్లో ఉన్నదాన్ని చూసి. అతని మాటకు పటిక రాసినా మంట తగ్గదని బల్ల మీద కూర్చునేవాళ్ళ అభిప్రాయం. అయినా వచ్చేవారు. చెయ్యి మంచిది.

సెలూన్‌కి ఎదురుగా, రోడ్డుకి అవతల, బడి. పొద్దున్నే ప్రార్థన అయ్యాక మైకులో వార్తలు చదివే ఆనవాయితీ ఉంది ఆ బడిలో. చదివేది కత్తి కూతురు. పదకొండేళ్ళ పిల్ల. గేటు మీద కట్టిన లౌడ్‌స్పీకర్ లోంచి ఆ గొంతు రోడ్డు దాటి వచ్చి, అద్దాల ముందు సీసాల మధ్య దూరేది. కత్తి చెయ్యి ఆడుతూనే ఉండేది గాని మనిషి అక్కడ ఉండేవాడు కాదు. రోజూ పేపర్ కోసం వచ్చి మధ్యాహ్నం దాకా కదలని రిటైర్డ్ కాంపౌండరు ఆ పిల్లకి రేడియో అని పేరు పెట్టాడు. "మీ రేడియోకి ఇవాళ జలుబు చేసినట్టుందయ్యా" అంటే కత్తి మురిసిపోయేవాడు. ఆ ఒక్క మాటకి మాత్రం ఎదురు మాట అనేవాడు కాదు.

రేడియో జుట్టు పుట్టినప్పటి నుంచీ కత్తే కత్తిరించేవాడు. ఒక సెలవు రోజున పాపిట తీస్తుంటే నడినెత్తిన రూపాయి బిళ్ళంత బోడి కనబడింది. "పేనుకొరుకుడు" అని తేల్చేశాడు. ఎన్ని తలలు చూశాడు, అతనికి కాకపోతే ఎవరికి తెలుస్తుంది? వెల్లుల్లి నూరి రుద్దాడు. పిల్ల కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా రుద్దాడు. నిజానికి పేనుకొరుకుడు పట్టిన చోట చర్మం నున్నగా ఉంటుంది. ఇక్కడ చిన్నా పెద్దా మొలకలు గరుకు గరుగ్గా వేలికి తగిలాయి. తగిలాయి గాని, తేల్చేసినవాడు మళ్ళీ ఆలోచించడు.

అసలు సంగతి అతని భార్యకి దొరికింది. ఆమె బస్సు కండక్టరు. సీట్ల కింద ఏముందో వంగి చూడటం ఆమె డ్యూటీలో భాగం, ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. పిల్ల చదువుకునే బల్ల వెనక, గోడకి బల్లకి మధ్య సందులో, పిచ్చుక గూడంత జుట్టు. కుదుళ్ళతో సహా ఊడివచ్చిన వెంట్రుకలు. ఇదేంటే అని అడిగితే పిల్ల తల వంచుకుని, "నేనే పీక్కుంటున్నానమ్మా. పీకేదాకా నాకే తెలీట్లేదు. తెలిశాక ఆగట్లేదు" అంది.

ఆ మాట ఇంట్లోనే ఉంటే బాగుండేది. కండక్టరమ్మ తన అక్కతో చెప్పుకుంది. కత్తికి వదిన వరస అయిన ఆ అక్క కడుపులో మాట దాగదు. వారం తిరక్కుండానే వీధి మొత్తానికి వైద్యం వచ్చేసింది. తల్లి పొద్దస్తమానం బస్సులో తిరిగితే పిల్ల జుట్టు పీక్కోక ఏం చేస్తుందని ఒకావిడ. గారం ఎక్కువై అని ఇంకొకావిడ. రెండు చేతులూ వెనక్కి కట్టేసి పడుకోబెట్టమని వదిన. చేతికి వాత పెడితే జన్మలో తల జోలికి పోదని, పక్కింటి తాతగారు తన అనుభవం కూడా కలిపి చెప్పాడు. పిల్ల ఎదురుగా ఉండగానే చెప్పేవాళ్ళు. జుట్టు లేని చోట చెవులు కూడా ఉండవని వాళ్ళ నమ్మకం కాబోలు. ఆ పిల్ల జ్వరంతో పడుకున్నప్పుడు గుమ్మంలోకి తొంగి చూడని మనుషులు, ఇప్పుడు ఆమె నెత్తి చూడటానికి పంచదార అప్పడిగే నెపంతో వచ్చారు.

కత్తి మాత్రం తక్కువ తిన్నాడా? అతను కాపలా కూర్చున్నాడు. పిల్ల చెయ్యి భుజం దాటి పైకి లేస్తే చాలు, "చెయ్యి!" అని అరిచేవాడు. నిప్పు తగిలినట్టు చెయ్యి కిందికి పడేది. గది మారితే వేరే గదిలో లేచేది. చివరికి పిల్ల తండ్రి అడుగుల చప్పుడుకే ఒళ్ళంతా బిగదీసుకోవడం మొదలుపెట్టింది. రూపాయి బిళ్ళంత బోడి బెత్తెడైంది.

అప్పుడు కత్తి, మంగలి మాత్రమే చేయగలిగే తప్పు చేశాడు.

సెలూన్‌కి సెలవు ఉన్న రోజు. పిల్లని వెంటబెట్టుకెళ్ళి షట్టర్ సగం ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. తెల్లగుడ్డ కట్టాడు. నీళ్ళు చిమ్మాడు. జుట్టే లేకపోతే దేన్ని పీకుతుంది? పైగా నున్నగా గొరిగితే మళ్ళీ ఒత్తుగా, సమంగా వస్తుంది. ఇది అతని లెక్క. భార్య డ్యూటీలో ఉంది, ఆమెకి చెప్పలేదు. పిల్లకీ చెప్పలేదు. నుదుటి మీద బ్లేడు మొదటి గీత గీసినప్పుడు, "నాన్నా, వద్దు" అంది పిల్ల. "కదలకు, తెగుతుంది" అన్నాడు. ఆ తర్వాత ఆమె కదల్లేదు. మూడు అద్దాల్లో మూడు బోడి తలలు కనబడుతుంటే కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. గుడ్డ దులిపి, పౌడరు అద్ది, "అయిపోయింది, చూడు, ఎంత తేలిక" అన్నాడు కత్తి. తేలికపడింది అతనికి.

కొన్నాళ్ళకి ఎడమ కనుబొమ్మ సగం మాయమైంది. తర్వాత కుడిది. తర్వాత రెప్పల వెంట్రుకలు. "పొలంలో పైరు కోసేస్తే మేక ఊరుకుంటుందా, గట్టు మీద పడింది" అంది కండక్టరమ్మ. గుండు చేసిన రోజు నుంచీ ఆమె భర్తతో మాట్లాడిన మొదటి మాట అది. టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కి డ్యూటీకి పోయింది.

ఆ మర్నాడు సెలవు పెట్టి, పిల్లని పెద్దాసుపత్రికి ఆమే తీసుకెళ్ళింది. కత్తి వెనక నడిచాడు. వరసలో నిలబడి నిలబడి లోపలికి వెళ్తే, డాక్టరమ్మ వీళ్ళిద్దర్నీ వదిలేసి పిల్లతో మాట్లాడింది. ఎప్పుడు లేస్తుంది చెయ్యి, లెక్కలు చేస్తున్నప్పుడా, టీవీ చూస్తున్నప్పుడా, పీకే ముందు ఎలా ఉంటుంది, పీకాక ఎలా ఉంటుంది అని అడిగింది. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్నలు. పిల్ల జవాబు చెప్పింది, గొంతులో పాత రేడియో కాస్త వినబడింది. తర్వాత డాక్టరమ్మ పెద్దవాళ్ళ వైపు తిరిగి, ఇది మొండితనం కాదు, జబ్బు, దీనికి పేరుంది, చాలామంది పిల్లలకి ఉంటుంది, పెద్దలకీ ఉంటుంది అని చెప్పింది. వారం వారం వస్తే, చెయ్యి లేచే క్షణాన్ని తనే పట్టుకోవడం, ఆ చేతికి వేరే పని పెట్టడం నేర్పుతారు. తగ్గుతుంది, మళ్ళీ రావచ్చు, వస్తే కంగారుపడకూడదు. ఇంట్లో అరవకూడదు, కాపలా కాయకూడదు.

"గుండు ఎవరు చేశారు?" అని అడిగింది చివర్లో.

"నేనే. నాది సెలూన్."

"పిల్లని అడిగారా?"

కత్తికి ఒళ్ళు మండింది. కడుపున పుట్టినదాని తల గొరగడానికి అనుమతి కావాలా అన్నాడు. డాక్టరమ్మ తర్వాతి వాళ్ళని పిలవమంది. దారి పొడుగునా ఆమెని తిట్టుకుంటూ వచ్చాడు.

పిల్ల ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టింది. వేళ్ళకి తొడుక్కునే మెత్తని రబ్బరు తొడుగులు ఇచ్చారు. ఒక ఉపాయం మాత్రం తనే కనిపెట్టుకుంది. న్యూస్ పేపర్‌ని బార్లా తెరిచి, రెండంచులూ రెండు చేతులతో పట్టుకుని చదివితే చేతులకి పైకి లేచే తీరిక ఉండదు. ఇల్లంతా తిరుగుతూ పెద్దగా చదివేది. టోపీ పెట్టుకుని బడికి వెళ్ళేది. అక్కడ మైకు ముందు నిలబడటమే ఆ రోజుల్లో ఆమెకి మిగిలిన సంతోషం.

ఒక పొద్దున లౌడ్‌స్పీకర్ లోంచి వేరే పిల్ల గొంతు వచ్చింది. మర్నాడూ అదే. కత్తి రోడ్డు దాటి వెళ్ళి కనుక్కోలేదు. కూతుర్ని అడగటానికి ధైర్యం చాల్లేదు. మూడోనాటికి పిల్ల బడికి పోనంది. కండక్టరమ్మ యూనిఫారంలోనే బడికి వెళ్ళి హెడ్మాస్టర్ని అడిగితే తెలిసింది. క్లాసులో ఒక టీచరు టోపీ తీయించి నిలబెట్టిందట. పిల్లలు నవ్వారట. ఇద్దరు తల్లులు వచ్చి, ఇది అంటుకునే రోగమేమోనని గోల చేశారట. డాక్టరు చెప్పిందంతా కండక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, జుట్టు వచ్చేదాకా ఇంట్లోనే ఉంచుకొమ్మన్నాడు. వార్తల సంగతి అడిగితే, "ముందు నిలబడేవాళ్ళు చూడ్డానికి బాగుండాలి కదమ్మా" అన్నాడు. ఆ బడి గేటు పక్కన గోడ మీద, పిల్లలందరూ సమానమే అని నీలం రంగుతో రాసి ఉంటుంది. ఏటా సున్నం కొట్టి మళ్ళీ రాయిస్తారు.

ఆ హెడ్మాస్టరు కత్తి దగ్గరే గడ్డం గీయించుకునేవాడు. రెండు రోజుల తర్వాత వచ్చాడు. కత్తి ఇంట్లో జరిగిన మాట ఇంట్లో పెట్టి, వ్యాపారం వ్యాపారమే అనుకుని గుడ్డ కట్టాడు. బ్రష్షుతో నురగ తేల్చి రెండు చెంపలకీ పట్టించాడు. బల్ల మీద కాంపౌండరు, మరో ముగ్గురు. ఎడమ చెంప పూర్తయింది. ఆయన అద్దంలో చూసుకుని, చెంప తడుముకుని, హుషారు పుట్టి అన్నాడు:

"ఏమోయ్ కత్తీ, నీ వృత్తికి మీ ఇంట్లోనే పోటీ వచ్చిందటగా. నీకు బ్లేడైనా కావాలి. నీ కూతురికి అదీ అక్కర్లేదు."

బల్ల నవ్వింది. కాంపౌండరు కూడా నవ్వాడు, పేపరు అడ్డం పెట్టుకుని.

కత్తి చెయ్యి గాల్లో ఆగిపోయింది. మాట నాలుక చివర దాకా వచ్చింది. కాని గుడ్డ కట్టించుకున్నవాణ్ణి ఏమీ అనకూడదు. చట్టం తను పెట్టిందే. బ్లేడు గిన్నెలో పడేశాడు. హెడ్మాస్టర్ మెడ వెనక చెయ్యి పెట్టి ముడి విప్పాడు. గుడ్డ తీసి ఒక్క దులుపు దులిపాడు.

"లేవండి సార్."

"అదేంటయ్యా, సగమేగా అయింది."

"మిగతా గడ్డం మా పిల్ల వార్తలు చదివాకే."

"వేళాకోళాలొద్దు. అవతల ప్రార్థన టైమవుతోంది. అందరి ముందూ నిలబడాలి నేను."

"నిలబడండి. ముందు నిలబడేవాళ్ళు చూడ్డానికి బాగుండాలని మా ఆవిడతో చెప్పింది మీరేగా. ఇంకా టోపీ కావాలంటే మా పిల్లది ఖాళీగానే ఉంది, ఇస్తాను."

కుడి చెంపన నురగతో ఆయన మెట్లు దిగుతుంటే బల్ల మళ్ళీ నవ్వింది. ఈసారి ఇంకా గట్టిగా. కత్తికి ఆ నవ్వు వింటే అసహ్యం వేసింది. ఇందాక తన కూతురి గురించి నవ్వినవీ ఈ నోళ్ళే. "మీరూ లేవండి. కాంపౌండరు గారూ, మీరు ముందు" అని అందర్నీ బయటికి పంపి షట్టర్ దించేశాడు.

ఇంటికి వెళ్తూ, పిల్ల ఏమంటుందో ఊహించుకున్నాడు. జబ్బ చరుచుకునే పనే చేశాడు మరి. అతను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. వదిన వచ్చి చెప్పి వెళ్ళింది. పిల్ల పేపరు మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆయన్ని సగంలో ఆపేశావట."

"ఆపేశాను. వాడి మొహం చూడాల్సింది నువ్వు."

"మళ్ళీ షాపంతా నా జుట్టు గురించే మాట్లాడుకున్నారన్నమాట."

కత్తి సర్దిచెప్పబోయాడు. పిల్ల వినిపించుకోలేదు.

"ఆయన ఆపమన్నాడా?"

"లేదు."

"నేను వద్దన్నాను నాన్నా. మొదటి గీతకే అన్నాను. నువ్వు కదలకు అన్నావు."

పిల్ల చెయ్యి కనుబొమ్మ లేని చోటికి లేచింది. "చెయ్యి" అనబోయి, పళ్ళు బిగించాడు. చెయ్యి కాసేపు అక్కడే తిరిగి, దానంతటది దిగింది. "ఇకమీద నువ్వు వద్దంటే ఆపుతాను" అన్నాడు.

"చూద్దాం" అంది పిల్ల.

హెడ్మాస్టర్ అదే పూట సందు చివరి సెలూన్‌కి వెళ్ళి మిగతా చెంప గీయించుకున్నాడు. కత్తికి పిచ్చెక్కింది, చేతిలో బ్లేడున్న పిచ్చోడి దగ్గరికి ఎవరైనా వెళ్తారా అని ప్రచారం చేశాడు. బడి టీచర్లు రావడం మానేశారు. వాళ్ళని చూసి ఇంకొందరు. అద్దె వసూలుకొచ్చిన షాపు యజమాని కూడా, పెద్దవాళ్ళతో పెట్టుకోవడం దేనికయ్యా, ఆడపిల్ల తండ్రివి అని నీతి చెప్పాడు. ఆడపిల్ల తండ్రిని కాబట్టే అన్నాడు కత్తి. వచ్చినవాళ్ళలో సగం మంది గడ్డం కోసం కాక, ఆ కథ ఇంకోసారి చెప్పించుకోవడానికి వచ్చారు. వాళ్ళనీ గెంటేశాడు. కాంపౌండరు మాత్రం రోజూ గుమ్మం బయట నిలబడి పేపరు చదివాడు. లోపలికి రమ్మని కత్తి అనలేదు.

అవతల కండక్టరమ్మ తన పద్ధతిలో వెళ్ళింది. డ్యూటీ దిగాక, యూనియన్‌లోని మరో నలుగురు ఆడవాళ్ళతో, భుజాన తోలుసంచులతో వెళ్ళి హెడ్మాస్టర్ గదిలో కూర్చుంది. టికెట్ కొన్న మనిషి చూడ్డానికి బాగాలేదని మధ్యలో దించేస్తే మా ఉద్యోగాలు ఉంటాయా, పిల్లని ఏ రూలు కింద దించారో చెప్పండి, అది విని పై ఆఫీసుకి వెళ్తాం అంది. రేపు మళ్ళీ వస్తామని చెప్పి వచ్చింది. వెళ్ళింది కూడా. మర్నాడూ వెళ్ళింది. ఆమెకి అరవాల్సిన అవసరం రాలేదు. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతు, మామూలుగా మాట్లాడినా బడంతా వినబడింది.

ఆఖరికి బడి ప్యూను సెలూన్‌కి కబురు తెచ్చాడు. పిల్ల రావచ్చు. టోపీ తీయకూడదు, చివరి బెంచీలో కూర్చోవాలి, వార్తలు మాత్రం వద్దు. కత్తి ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతకంటే ఏం కావాలి, బేరం తెగింది, సరేనని చెప్పేయాలని నోరు తెరిచాడు. ఎందుకో మూసుకుని, ప్యూనుని కూర్చోబెట్టి, ఇంటికి వెళ్ళి పిల్లని అడిగాడు.

"వద్దు. టోపీ పెట్టుకోను. వార్తలు చదువుతాను. లేదంటే వెళ్ళను."

అది కాదమ్మా, ముందు లోపల అడుగు పెట్టు, తర్వాత చూసుకోవచ్చు అనే మాట అతని గొంతులో తయారుగా ఉంది. నవ్వుతారే, మళ్ళీ ఏడుస్తావే అనే మాట దాని వెనకే ఉంది. రెండూ మింగాడు. తిరిగి వచ్చి ప్యూనుతో చెప్పాడు: "మా పిల్ల వద్దంటోంది. అదే చెప్పు."

కండక్టరమ్మ యూనియన్ వాళ్ళతో పై ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో గాని, హెడ్మాస్టరుకి ఫోను వచ్చింది. ఆయన మారలేదు. ఫోనుకి భయపడి, పిల్ల పెట్టిన షరతులకే ఒప్పుకున్నాడు. అలాంటివాళ్ళు మారేదాకా ఆగితే పిల్లల చదువులు అయిపోతాయి.

పిల్ల మళ్ళీ బడికి వెళ్ళిన పొద్దున కత్తి కుర్చీలో లారీ డ్రైవరు ఒకతను ఉన్నాడు. ఈ ఊరి గొడవలేవీ తెలియనివాడు. మెడకు గుడ్డ, మొహం నిండా నురగ, ఒక చెంప అయింది. బల్ల మీద ఎవరూ లేరు. గుమ్మం బయట కాంపౌండరు. రోడ్డుకి అవతల ప్రార్థన అయింది. మైకు గరగరలాడింది.

"నమస్కారం. ఈ రోజు ముఖ్యాంశాలు."

ఆ గొంతు రాగానే ప్రార్థన వరసల్లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. మైకులో అదీ వినబడింది. గొంతు ఆగిపోయింది. ఆ ఖాళీలో కూతురి చెయ్యి ఎక్కడికి పోయి ఉంటుందో కత్తికి కనబడుతూనే ఉంది. అరిస్తే వినబడేంత దూరమే. బ్లేడు గిన్నెలో పెట్టి, రెండు చేతుల్నీ చంకల్లో బిగించుకుని నిలబడ్డాడు.

పేపరు బార్లా విప్పిన చప్పుడైంది. వానలు ఆలస్యమవుతాయట. గొంతు బొంగురుగా, ముందు కాస్త తడబడి, తర్వాత తన దారిన తను పోయింది.

"ఏం మాస్టారూ, సగంలో వదిలేశారు?" అన్నాడు డ్రైవరు.

"కదలకండి" అన్నాడు కత్తి. "వార్తలయ్యాక గీస్తాను."